ఐసీయూ తలుపుకు అటూ ఇటూ

ప్రాణాపాయంలో ఉన్న రోగిని రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే ఇంటెన్సివ్ కేర్ యూనిట్, అంటే అందరూ ఐసీయూ అని పిలిచే విభాగం, వైద్యచరిత్రలో అంత పాతదేమీ కాదు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు, ఊపిరి కండరాలు చచ్చుబడి యంత్రసాయం పొందిన తొలి 31 మంది రోగుల్లో 27 మంది మూడు రోజుల్లోనే చనిపోగా, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతు దగ్గర కోత పెట్టి, శ్వాసనాళంలోకి గొట్టం వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతిని ప్రవేశపెట్టారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని ఆ సంచులు నొక్కారు. మరుసటి ఏడాది ఆయన నెలకొల్పిన వార్డును ప్రపంచంలోని తొలి ఐసీయూగా చాలామంది లెక్కిస్తారు. ఆ తరువాత యంత్రాలు, మందులు, పరీక్షలు ఎంతగా పెరిగినా చాలాకాలం పాటు అక్కడ అడిగిన ప్రశ్న ఒక్కటే: రోగి బతుకుతాడా, బతకడా? బతికి ఇంటికి వెళ్లినవాడి మనసులో ఏం మిగిలింది, ఆ రోజుల్లో తలుపు బయట కూర్చున్న ఇంటివారు ఏమయ్యారు అనే ప్రశ్నలను శాస్త్రీయంగా అడగడం మొదలుపెట్టినవారిలో నర్సులు ముందువరుసలో ఉన్నారు. రోగి నొప్పిని గుర్తించడం, అతనితో మాట్లాడటం, ఇంటివారికి నిజం చెప్పడం, వారిని మంచం దగ్గరికి రానివ్వడం తీరిక ఉన్నప్పుడు చూపే మర్యాదలుగా చెల్లిపోతున్న చోట, అవి చికిత్సలో భాగమేనని వాదించడానికి కావలసిన ఆధారాలను కూడబెట్టింది ఈ పరిశోధనే.

ఈ విషయంలో తరచుగా తలుచుకునే తొలి అడుగు 1979 నాటిది. నాన్సీ మోల్టర్ అనే అమెరికన్ నర్సు, విషమస్థితిలో ఉన్న రోగుల బంధువులు 40 మందిని కలిసి, 45 అవసరాల జాబితాను వారి ముందు ఉంచి, వాటిలో ఏది ఎంత ముఖ్యమో చెప్పమని అడిగారు. జాబితాలో అన్నిటికన్నా పైన నిలిచినది ఆశ, అంటే తమ మనిషి కోలుకునే అవకాశం ఉందన్న భావన. ఆసుపత్రి సిబ్బందికి తమ రోగిపై నిజమైన శ్రద్ధ ఉందని అనిపించడం, అడిగినదానికి దాపరికం లేని జవాబు రావడం, అది అర్థమయ్యే మాటల్లో ఉండటం, పరిస్థితి మారితే ఇంటికి ఫోన్ చేసి చెప్పడం, కూర్చునే చోటు రోగికి దగ్గరగా ఉండటం కూడా పైవరుసలోనే నిలిచాయి. తరువాత జేన్ లెస్కీ అనే మరో నర్సు ఈ జాబితాను ప్రశ్నావళిగా తీర్చిదిద్దగా, అవసరాలన్నీ భరోసా, సమాచారం, సామీప్యం, సౌకర్యం, ఆసరా అనే అయిదు గుంపులుగా విడిపోయాయి. ఆ ప్రశ్నావళి ఎన్నో భాషల్లోకి వెళ్లింది, వేర్వేరు దేశాల్లో వేర్వేరు మతాల, ఆదాయాల కుటుంబాలకు దాన్ని ఇచ్చి చూశారు, అయినా దాదాపు ప్రతిచోటా భరోసా, సమాచారం, సామీప్యం పైన, సొంత సౌకర్యం కింద కనిపించాయి. వెయిటింగ్ హాలులో ఏసీ, మెత్తని కుర్చీలు, టీవీ పెట్టించి కుటుంబాల బాగోగులు చూశామనుకునే యాజమాన్యాలు ఈ ఒక్క ఫలితాన్ని గమనించినా ఖర్చు ఎక్కడ పెట్టాలో వారికే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లోని ఆసుపత్రులకు వెళ్లినవారికి ఈ జాబితా కొత్తగా తోచదు. రోజుకు ఒకటి రెండు సార్లు, కొద్ది నిమిషాల పాటు, పాస్ ఉన్న ఒక్కరిని మాత్రమే లోపలికి పంపడం, మిగిలినవారు వరండాలోనో మెట్ల మీదో చాప పరుచుకుని, సెక్యూరిటీ మనిషి నోటినుంచి తమ పేషెంటు పేరు ఎప్పుడు వినబడుతుందా అని కాచుకుని ఉండటం ఇక్కడ మామూలు దృశ్యం. పేరు పిలిచారంటే మందులు తెమ్మనో, రక్తం ఏర్పాటు చేయమనో, సంతకం పెట్టమనో, లేక జరగరానిది జరిగిందనో ఏదైనా కావచ్చు గనుక, ఆ పిలుపు కోసం ఎదురుచూడటమే ఒక భయంగా మారుతుంది. కౌన్సెలింగ్ పేరుతో డాక్టరు మాట్లాడే కొద్ది నిమిషాలూ ఎక్కువసార్లు నిలబడే గడిచిపోతాయి. “కండిషన్ క్రిటికల్‌గానే ఉంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం” అన్న మాటతో బయటికి వచ్చిన పెద్దకొడుకు, వరండాలో చుట్టూ మూగిన పదిమందికీ ఆ ఒక్క వాక్యాన్నే పది రకాలుగా చెప్పవలసి వస్తుంది.

అటువంటి సంభాషణ ఎలా సాగాలన్నది పరీక్షించదగిన విషయమేనని ఫ్రాన్సులోని 22 ఐసీయూల్లో జరిగి 2007లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. ఇక బతికే అవకాశం లేదని వైద్యులు భావించిన 126 మంది రోగుల కుటుంబాలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుతో మామూలు పద్ధతిలో, రెండో గుంపుతో ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ముందే అనుకున్న పద్ధతిలో కూర్చోబెట్టి మాట్లాడారు: ఇంటివారి మాటను విలువైనదిగా గుర్తించడం, వారి బాధను బాధగా ఒప్పుకోవడం, వినడం, రోగి ఎలాంటి మనిషో అడిగి తెలుసుకోవడం, ప్రశ్నలు అడిగించడం అనేవి ఆ పద్ధతిలోని అంశాలు. సమావేశం సగటున ఇరవై నిమిషాల నుంచి ముప్పై నిమిషాలకు పెరిగింది, అంటే పెరిగినది పది నిమిషాలే. అయితే ఆ సమయంలో కుటుంబం మాట్లాడిన కాలం 5 నిమిషాల నుంచి 14 నిమిషాలకు చేరింది. మూడు నెలల తరువాత ఫోన్ చేసి చూస్తే, తీవ్రమైన మానసిక గాయపు లక్షణాలు మామూలు గుంపులో 69 శాతం మందికి, ఈ గుంపులో 45 శాతం మందికి కనిపించాయి. అదే ఫ్రాన్సులో 2005లో వచ్చిన మరో అధ్యయనంలో, తమకు సమాచారం సరిగ్గా అందలేదని భావించిన బంధువుల్లో ఈ లక్షణాలు మిగిలినవారికన్నా ఎక్కువగా ఉన్నట్లు అప్పటికే తేలి ఉంది.

తలుపుకు లోపలివైపున ఉన్న రోగి పరిస్థితి వేరు. నోటిలోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు, అంటే ఊపిరి అందించే యంత్రానికి, కలిపినప్పుడు ఆ గొట్టం స్వరతంతుల మధ్యగా వెళుతుంది కాబట్టి మనిషికి గొంతు పెగలదు; గొట్టం లాగేసుకోకుండా చేతులు కట్టి ఉంచడమూ పలు చోట్ల ఉన్నదే. జబ్బు తీవ్రత, మత్తుమందులు, నిద్రలేమి, రాత్రీ పగలూ ఒకేలా వెలిగే లైట్లు కలిసి చాలామందిలో మెదడు పనితీరును తారుమారు చేస్తాయి. వైద్యులు డెలీరియం అనీ, పాతతరం సంధి అనీ పిలిచే ఈ స్థితిలో కొందరు కేకలు వేసి పెనుగులాడతారు, వారిని గుర్తించడం సులభం. మరికొందరు ఏ అలజడీ లేకుండా శూన్యంలోకి చూస్తూ పడి ఉంటారు, వారిని “పేషెంటు ప్రశాంతంగా ఉన్నాడు” అని రాసి వదిలేయడం అంతకన్నా సులభం.

ఈ రెండో రకాన్ని పట్టుకోవడానికి అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వెస్లీ ఈలీ బృందం 2001లో ప్రకటించిన పరీక్షను మంచం దగ్గరున్న నర్సే రెండు మూడు నిమిషాల్లో చేయవచ్చు. నర్సు రోగి చెయ్యి పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు పదింటిని ఒక్కొక్కటిగా పలుకుతూ, ‘ఎ’ వినబడినప్పుడల్లా తన చేతిని నొక్కమంటుంది. తప్పులు రెండు దాటితే మనసు నిలవడం లేదని అర్థం. రాయి నీళ్లలో తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా, సుత్తితో మేకు కొట్టవచ్చా అన్నట్టి ప్రశ్నలకు తల ఆడించి జవాబు చెప్పమనడం మరో మెట్టు. మాట రాని మనిషి ఆలోచన ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంత తేలికైన దారి ఉండగా, చాలా ఐసీయూల్లో రక్తపోటును గంటగంటకూ రాసేవారు దీన్ని రోజుకొకసారైనా చేయకపోవడం సమర్థించలేని లోపం; ఎందుకంటే వెంటిలేటర్‌పై ఉన్న రోగుల్లో డెలీరియం వచ్చినవారు ఆరు నెలల లోపు మరణించే ముప్పు, రానివారితో పోలిస్తే సుమారు మూడింతలని అదే బృందం 2004లో చూపించింది.

నొప్పి విషయంలో నర్సుల పరిశోధన మరింత లోతుగా సాగింది. కాలిఫోర్నియాకు చెందిన నర్సు పరిశోధకురాలు క్యాథలీన్ పుంటిల్లో నాయకత్వాన ఆరు వేలకు పైగా రోగులను పరిశీలించి 2001లో ప్రకటించిన అధ్యయనంలో, డ్రెస్సింగ్ మార్చడం, గొట్టంలో కఫం లాగడం వంటి ఆరు పనులను పోల్చి చూసినప్పుడు, పెద్దవయసు రోగులకు అన్నిటికన్నా ఎక్కువ నొప్పి కలిగించినది పక్కకు తిప్పి పడుకోబెట్టడమని తేలింది. పుండ్లు పడకుండా రోజుకు ఎన్నోసార్లు చేసే ఆ పని ఎంత అవసరమో ఎవరూ కాదనరు, కానీ అది నొప్పి కలిగిస్తుందని ఎవరూ తలచకపోవడం వల్ల ముందుగా మందు ఇచ్చే ఆలోచనే రాలేదు. ఆ ఆరు పనులకు ముందు గానీ, చేసేటప్పుడు గానీ సగానికి మించిన రోగులకు నొప్పి తగ్గించే మందే అందలేదు.

అయితే నోరు కదపలేని రోగి నొప్పిని కొలిచేదెలా? కెనడా నర్సు పరిశోధకురాలు సెలీన్ జెలినాస్, గుండె శస్త్రచికిత్స అయిన 105 మందిపై పరీక్షించి 2006లో ప్రకటించిన కొలత దీనికి జవాబు. ఇందులో నర్సు నాలుగు విషయాలు చూస్తుంది: ముఖం, శరీరపు కదలిక, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో ఊపిరి కుదురుతున్న తీరు. నుదురు ముడిపడి కనుబొమలు దిగితే ఒక మార్కు, కళ్లు గట్టిగా మూసుకుపోయేంతగా ముఖం చిట్లితే రెండు. చెయ్యి గాయం వైపు వెళ్లి కాపాడుకోబోతే ఒకటి, మంచంలో పొర్లాడుతూ గొట్టం లాగబోతే రెండు. మోచేతిని మెల్లగా ముడిచి చూసినప్పుడు ఎదురుబిగువు ఉంటే ఒకటి, ముడవలేనంత బిగిసి ఉంటే రెండు. యంత్రపు అలారం మోగి తనంతట తానే ఆగితే ఒకటి, ఊపిరి యంత్రానికి ఎదురుతిరుగుతుంటే రెండు. మొత్తం ఎనిమిదిలో మూడు గానీ అంతకు మించి గానీ వస్తే నొప్పి ఉన్నట్టే భావించి మందు ఇచ్చి మళ్లీ చూడాలి. అనుభవమున్న సిస్టర్లు ఏళ్ల తరబడి కళ్లతో పసిగడుతూ వచ్చినదే ఇక్కడ అంకెగా మారింది, అలా మారడం వల్ల కొత్తగా చేరిన నర్సు కూడా రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి “నొప్పి స్కోరు అయిదుంది” అని ధైర్యంగా చెప్పగలుగుతుంది.

ఈ పరిశోధనల్లో అన్నిటికన్నా మానవీయమైనది ఐసీయూ డైరీ. మత్తులో, సంధిలో గడిచిన రోజులు కొందరికి పూర్తిగా చెరిగిపోతాయి. కొందరికి మాత్రం జరగనివి జరిగినట్లు, ఎవరో బంధించి హింసించినట్లు, నర్సులు విషం ఎక్కించినట్లు, స్పష్టంగా గుర్తుండిపోతాయి. ఇంగ్లండులో లివర్‌పూల్ సమీపంలోని విస్టన్ ఆసుపత్రిలో పనిచేసిన క్రిస్టినా జోన్స్ అనే నర్సు పరిశోధకురాలు, జరిగిన బాధ గుర్తుండటం కన్నా జరగని భయాలు గుర్తుండటమే తరువాతి మానసిక గాయానికి ఎక్కువగా దారితీస్తుందని 2001లోనే గమనించారు. డెన్మార్క్, స్వీడన్, నార్వే దేశాల నర్సులు అంతకుముందునుంచే పాటిస్తున్న ఒక అలవాటు ఈ చోట పనికివచ్చింది. రోగి మంచం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, నర్సులూ ఇంటివారూ రోజూ అందులో అతన్నే ఉద్దేశించి మామూలు మాటల్లో రాస్తారు: ఇవాళ జ్వరం తగ్గింది, పొద్దున కళ్లు తెరిచి తలుపు వైపు చూశారు, తమ్ముడు వచ్చి క్రికెట్ స్కోరు చెప్పాడు, మధ్యాహ్నం మిమ్మల్ని స్కానింగ్‌కు తీసుకెళ్లాం, దారిలో చప్పుడు ఎక్కువగా ఉంది. అవసరమైతే ఫొటో కూడా అతికిస్తారు. కేస్ షీటులో ఉండే పొడి అక్షరాలకూ, బీపీ అంకెలకూ ఇందులో చోటు లేదు. రోగి కోలుకుని, చదవడానికి సిద్ధమైనప్పుడు, విషయం తెలిసిన నర్సు పక్కన కూర్చుని, ఆ పుస్తకాన్ని అతనితో కలిసి తిరగేస్తుంది. తనను చీకటి సొరంగంలోకి ఈడ్చుకెళ్లారని నమ్ముతున్న మనిషికి, ఆ రోజు మధ్యాహ్నం జరిగినది స్కానింగ్ అని అప్పుడు తెలుస్తుంది.

జోన్స్ బృందం ఆరు ఐరోపా దేశాల్లోని 12 ఆసుపత్రుల్లో 352 మంది రోగులతో చేసి 2010లో ప్రకటించిన పరీక్షలో, డైరీ అందుకున్నవారిలో 5 శాతం మందికి, అప్పటికి అందుకోనివారిలో 13 శాతం మందికి కొత్తగా మానసిక గాయపు రుగ్మత కనిపించింది. ఆ ఫలితంతో డైరీకి ఐరోపాలో పెద్ద పేరు వచ్చింది. కానీ 2019లో ఫ్రాన్సులోని 35 ఐసీయూల్లో 657 మంది రోగులతో చేసిన పరీక్షలో, మూడు నెలల తరువాత ఆ లక్షణాలు డైరీ గుంపులో 29.9 శాతం, మామూలు గుంపులో 34.3 శాతంగా ఉన్నాయి, అంటే తేడా లెక్కకు నిలిచేంత లేదు. ఇటువంటి ఫలితాన్ని దాచకుండా ప్రచురించడం శాస్త్రానికి గౌరవం. అయితే దీన్ని బట్టి డైరీ వృథా అనడం తొందరపాటు. రెండు పరీక్షల్లో డైరీని అందజేసిన తీరు ఒకటి కాదు, కొలిచినది కూడా ఒకటి కాదు. జోన్స్ పరీక్ష కొత్తగా వచ్చిన రుగ్మతను లెక్కించగా, ఫ్రెంచి పరీక్ష లక్షణాలను లెక్కించింది. పైగా, పోయిన రోజుల కథను తిరిగి పొందడం ఒక మనిషికి ఎంత విలువైనదో ఒక్క రుగ్మత శాతంతో తేలేది కాదు.

ఇంటివారిని లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయనీ, పనికి అడ్డమవుతుందనీ చెప్పడం మన దగ్గరే కాదు, ఎన్నో దేశాల్లో ఉన్నదే. దీన్ని బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో, 1,685 మంది రోగులతో పరీక్షించి 2019లో ఫలితాలు వెలువరించారు. కొంతకాలం మామూలు కొద్దిపాటి సందర్శన వేళలు, కొంతకాలం రోజుకు 12 గంటల దాకా ఉండే వెసులుబాటు ఇచ్చి చూడగా, రోగుల డెలీరియం తగ్గుతుందన్న ఆశ నెరవేరలేదు. కానీ ఇన్ఫెక్షన్లు చెప్పుకోదగినంతగా పెరగలేదు, సిబ్బంది అలసటా పెరగలేదు, కుటుంబసభ్యుల ఆందోళన, దిగులు మాత్రం తగ్గాయి. ఈ పరీక్షలో బంధువులకు ముందుగా చేతులు శుభ్రం చేసుకోవడం, డెలీరియం అంటే ఏమిటి, యంత్రాలు ఎందుకు మోగుతాయి వంటి విషయాలు నేర్పారన్నది మరువరాదు. తలుపు తీసి వదిలేయడం వేరు, నేర్పి లోపలికి పిలవడం వేరు. ఆస్ట్రేలియా నర్సు మేరియన్ మిచెల్ 2009లో మరో అడుగు వేసి, తల దువ్వడం, చేతులకు నూనె రాయడం, ఒళ్లు తుడవడం వంటి చిన్న పనుల్లో నర్సుతో పాటు ఇంటివారికీ చెయ్యి కలిపే అవకాశమిస్తే, తమకు గౌరవమూ, సహకారమూ, ఆసరా దొరికాయని వారు భావించినట్లు చూపించారు. వార్డులో రోగికి అన్నం తినిపించడం నుంచి స్నానం చేయించడం దాకా ఇంటివారే చూసుకునే తెలుగునాట, అదే ఇంటివారిని ఐసీయూ గడప దగ్గర పూర్తిగా ఆపేయడం ఎంత పెద్ద కోతో ఈ కోణంలో చూస్తే అర్థమవుతుంది.

ఐసీయూ నుంచి బయటపడిన తరువాత మిగిలే కండరాల నీరసం, మతిమరుపు, భయం, దిగులు అన్నిటికీ కలిపి 2010లో అమెరికా నిపుణుల సదస్సు ఒక పేరు స్థిరపరిచింది, ఐసీయూ అనంతర లక్షణ సముదాయం అని. కుటుంబానికి వచ్చే బాధలనూ అందులోనే ఒక శాఖగా చేర్చింది. కుటుంబానికి వచ్చే ఆ బాధలకు విరుగుడుగా నర్సులే రోజూ ఇంటివారిని కలిసి, డాక్టర్లతో సమావేశాలు ఏర్పాటు చేసే పద్ధతిని పిట్స్‌బర్గ్ వైద్యులు అయిదు ఐసీయూల్లో 1,420 మంది రోగులతో పరీక్షించి 2018లో ప్రకటించారు. ఆరు నెలల తరువాత కుటుంబాల మానసిక భారంలో తేడా రాలేదు, కానీ సంభాషణ బాగుందని వారు చెప్పారు, రోగులు ఐసీయూలో గడిపిన కాలం కూడా కొంత తగ్గింది. మాట మనసుకు తగిలిన గాయాన్ని పూర్తిగా మాన్పకపోవచ్చు. చికిత్స ఏ దారిన సాగాలో తేల్చుకునే శక్తిని మాత్రం అది కుటుంబానికి ఇస్తుంది.

వీటన్నిటికీ ముందు కావలసినది తీరిక ఉన్న నర్సు. శస్త్రచికిత్స రోగులపై లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలు 2002లో ప్రకటించిన ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ ముప్పై రోజుల లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. ఒక్క సిస్టరుకు ముగ్గురు నలుగురు వెంటిలేటర్ రోగులను అప్పజెప్పి, ఆమె డైరీ రాయలేదనో ఇంటివారితో మాట్లాడలేదనో నిందించడం అన్యాయం. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ 2016లో విషమస్థితి రోగుల సంరక్షణలో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ కోర్సును ప్రవేశపెట్టింది. ఆ చదువు పూర్తిచేసినవారికి ఆసుపత్రుల్లో తగిన హోదా, జీతం, నిర్ణయాధికారం దక్కితేనే ఈ పరిశోధనలు తెలుగు వార్డులకు చేరతాయి. తెలుగు కుటుంబాలకు ఏది ముందు కావాలో, తెలుగులో ఏ మాటతో చెబితే అర్థమవుతుందో తేల్చే అధ్యయనాలు ఇక్కడి నర్సింగ్ కళాశాలల్లోనే జరగాలి, ఎందుకంటే ఉమ్మడి కుటుంబం, అప్పు చేసి కట్టే బిల్లు, వరండాలో రాత్రులు అన్న మూడూ కలిసిన పరిస్థితి మోల్టర్ జాబితాలో లేదు.

అంతదాకా ఆగనక్కరలేని పనులూ ఉన్నాయి. రోజూ ఒకే వేళకు, కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటివారిలో ఒకరికి పరిస్థితి చెప్పడం, మార్పు వస్తే వారే అడగకముందే ఫోన్ చేయడం, స్పృహ లేని రోగిని కూడా పేరుతో పలకరించి చేయబోయే పని చెప్పడం, కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఇంటినుంచి తెప్పించి పెట్టడం ఏ కొత్త యంత్రమూ కొనకుండానే జరిగేవి. ఐసీయూ బయట కూర్చోవలసి వచ్చిన పాఠకులు కూడా సంకోచం లేకుండా నాలుగు ప్రశ్నలు అడగాలి: మా మనిషికి నొప్పి ఉందా, దాన్ని ఎలా కొలుస్తున్నారు; తెలివిలో ఉన్నారా, సంధిలో ఉన్నారా; రేపు మాతో మాట్లాడేది ఎవరు, ఎన్నింటికి; మేము దగ్గరుండి చేయగలిగినది ఏమైనా ఉందా? వీటికి జవాబు చెప్పడం ఆసుపత్రి బాధ్యత, అడగడం కుటుంబం హక్కు.